ఒక గొంతు – రెండు చెవులు
(మోనో, స్టీరియో శబ్దాల చరిత్ర; ఒక పాత ల్యాప్‌టాప్ నేర్పిన పాఠం)



ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక చరిత్ర వ్యాసం రాయవలసిందని సంపాదకవర్గ మిత్రులు కోరినప్పుడు, మొదట నాకు తట్టినవి పే రివిజన్ల చరిత్ర, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన నాటి ముచ్చట్లు. అయితే అవి మనవాళ్ళు ఇదివరకే చాలాసార్లు రాశారు. వాటి గురించి నాకంటే బాగా తెలిసినవారు మనలోనే ఉన్నారు. అందుచేత ఈసారి దారి మార్చి, ఈ మధ్య మా ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ దగ్గర జరిగిన సంగతి, దాని వెంటపడి నేను తెలుసుకున్న చరిత్ర మనవి చేసుకుంటాను. నేను ఇంజనీరును కాను. ముప్ఫై ఆరేళ్ళు ఫైళ్ళు పుటప్ చేసిన గుమాస్తాను. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

పోయిన సంక్రాంతికి మా అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చినప్పుడు తన పాత ల్యాప్‌టాప్ నాకు ఇచ్చి వెళ్ళాడు. "నాన్నగారూ, ఆఫీసు పనికి ఇది చాలడం లేదు, మీకు పాటలు వినడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది" అన్నాడు. అందులో రెండు సంచులు, అంటే ఫోల్డర్లు, పెట్టి చూపించాడు. ఒకదాని పేరు 'పాటలు'. రెండోదాని పేరు 'అమ్మ'. మా ఆవిడ కాలం చేసి ఆరేళ్ళయింది. ఆ రెండో సంచి సంగతి చివర చెబుతాను.

మన కాలమంతా ఒంటి గొంతే

'మోనో' అంటే గ్రీకు భాషలో 'ఒకటి'. శబ్దాన్ని ఒకే బాటలో పట్టి, ఒకే బాటలో వినిపించడం మోనో. 'స్టీరియో' కూడా గ్రీకు మాటే, 'ఘనమైనది' అని అర్థం. పొడుగు, వెడల్పు, లోతు ఉన్న వస్తువును ఘనం అంటామే, అదే. కుడిఎడమలకు రెండు వేర్వేరు బాటలు ఉండి, ఎవరు ఎక్కడ నిలబడి పాడుతున్నారో తెలిసేలా వినిపించేది స్టీరియో.

మనం పుట్టి పెరిగిన ప్రపంచం మోనోది. 1902లో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేసినప్పుడు, ఆమె పాడింది ఒక కొమ్ము లోపలికి. మైకు కూడా లేదు. మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా' (1931), మన తెలుగు 'భక్త ప్రహ్లాద' (1932), ఆ తరువాత 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) అన్నీ మోనోలో విన్నవే. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. వివిధ భారతి 1957 అక్టోబరులో వచ్చింది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి, చెక్కపెట్టె రేడియో చుట్టూ వీధంతా కూర్చుని విన్నప్పుడు, పాట ఒకే స్పీకరులోంచి వచ్చేది. ఎవరికీ లోటు అనిపించలేదు. పాట బాగుందా లేదా అన్నదే ప్రశ్న, అది ఎడమ నుంచి వచ్చిందా కుడి నుంచి వచ్చిందా అని అడిగినవాడు లేడు.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేటి పిల్లలు 'మోనో' అనగానే అదేదో జబ్బు అనుకుంటున్నారు. నేను కూడా కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను.

ప్యారిస్‌లో రెండు గొట్టాలు

రెండు చెవులకు రెండు శబ్దాలు వినిపించాలన్న ఆలోచన మాత్రం రేడియో కంటే పాతది. 1881లో ప్యారిస్‌లో విద్యుత్ ప్రదర్శన జరిగింది. అక్కడ క్లెమాఁ అడేర్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఒక వింత చేశాడు. ప్యారిస్ ఆపెరా రంగస్థలం ముందు భాగాన వరసగా టెలిఫోను యంత్రాలు అమర్చి, వాటినుంచి ప్రదర్శనశాల దాకా తీగలు లాగించాడు. అక్కడ ప్రేక్షకులు రెండు గొట్టాలు తీసుకుని చెవికొకటి పెట్టుకుంటే, పాటగాడు వేదికపై ఎడమ నుంచి కుడికి నడవడం చెవులకు తెలిసిందట. జనం బారులు తీరారు. తరువాత 1890లో దీన్నే 'థియేటరోఫోన్' అనే వ్యాపారంగా మార్చి, 1932 దాకా నడిపారు. టెలిఫోనులో నాటకం వినడం అన్నమాట.

ఈ ఇంద్రజాలం వెనుక ఉన్న శాస్త్రాన్ని ఇంగ్లండుకు చెందిన లార్డ్ రేలీ 1907లో వివరించాడు. ఈయన 1904లోనే నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రజ్ఞుడు. మన రెండు చెవులకూ మధ్య దూరం సుమారు 17, 18 సెంటీమీటర్లు. ఎడమవైపున ఎవరైనా పిలిస్తే ఆ పిలుపు ఎడమ చెవికి ముందు, కుడి చెవికి కాస్త తరువాత చేరుతుంది. ఆ తేడా ఎంతో తెలుసునా? ఒక సెకనును పదివేల భాగాలు చేస్తే అందులో ఆరేడు భాగాలు, అదీ మహా ఎక్కువ అయితే. దానికి తోడు తల అడ్డురావడం వల్ల అవతలి చెవికి కొన్ని శబ్దాలు తగ్గి వినిపిస్తాయి. ఈ రెండు తేడాలను పోల్చి మెదడు, 'పిలుపు ఎడమ నుంచి' అని ఆర్డరు వేస్తుంది. ఏ ఆఫీసులోనూ ఇంత త్వరగా ఫైలు కదలదు!

సినిమా హాల్లో పుట్టిన ఆలోచన

స్టీరియోకు అసలు తండ్రి అనదగినవాడు ఆలన్ బ్లమ్‌లీన్. 1903లో లండన్‌లో పుట్టాడు. ఇ.ఎం.ఐ. కంపెనీలో ఇంజనీరు. 1931లో కాబోయే భార్యతో కలిసి సినిమాకు వెళ్ళాడట. తెరమీద నటుడు ఒక పక్కకు నడిచి వెళ్తుంటే గొంతు మాత్రం ఒక్కచోటి నుంచే వస్తోంది. "దీన్ని సరిచేసే ఉపాయం నా దగ్గర ఉంది" అని ఆమెతో అన్నాడని చెబుతారు. మన 'ఆలం ఆరా' విడుదలైన సంవత్సరమే అది. ఇక్కడ మనకు సినిమా మాట్లాడడమే మహాద్భుతంగా ఉన్న సంవత్సరంలో, అక్కడ ఒకాయనకు ఆ మాట సరైన చోటినుంచి రావడం లేదని బాధ కలిగింది.

ఆ డిసెంబరులోనే ఆయన పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. రెండు మైకులతో శబ్దాన్ని పట్టడం, ఒకే గాడిలో రెండు బాటలను చెక్కడం, అన్నీ అందులో ఉన్నాయి. గ్రామఫోన్ రికార్డు మీది గాడికి రెండు గోడలుంటాయి. ఒక గోడ మీద ఎడమ శబ్దం, రెండో గోడ మీద కుడి శబ్దం చెక్కితే ఒకే ముల్లు రెండింటినీ చదవగలదు. 1934లో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నిర్వహించిన మొజార్ట్ సంగీతాన్ని ఈ పద్ధతిలో రికార్డు చేశారు.

కాని ఆ పని లోకానికి అందేవరకు ఆయన బ్రతకలేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన రాడారు పనిలోకి మారాడు. 1942 జూన్ 7న విమానంలో రాడారును పరీక్షిస్తుండగా విమానం కూలి, అందులోని మరో పది మందితోపాటు మరణించాడు. వయస్సు ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఇళ్ళలో వినే స్టీరియో గ్రామఫోన్ రికార్డులు బజారులోకి వచ్చినది 1958లో. అవి ఆయన చెప్పిన రెండు గోడల పద్ధతినే అనుసరించాయి.

సినిమాల్లో 1940లో డిస్నీ వారి 'ఫాంటాసియా', 1953లో సినిమాస్కోప్‌తో పాటు వచ్చిన 'ది రోబ్' పలుబాటల శబ్దాన్ని తెచ్చాయి. మన దేశంలో 1975లో 'షోలే' 70 ఎం.ఎం. తెరతో స్టీరియో శబ్దం వినిపించింది. తెలుగులో ఆ ఘనత 1986లో కృష్ణగారి 'సింహాసనం'కు దక్కింది. గుర్రాల డెక్కల చప్పుడు హాలులో ఒక పక్కనుంచి మరో పక్కకు పోతుంటే, నా పక్క సీట్లో కూర్చున్న మా ఆఫీసు అటెండరు తల తిప్పి చూడడం నాకు ఇంకా గుర్తు. ఇంకో విశేషం, మోనోలో పుట్టిన 'మాయాబజార్'ను 2010లో రంగులు వేసి, శబ్దాన్ని కూడా కొత్త పద్ధతిలోకి మార్చి విడుదల చేశారు.

మాయమైన గాయకుడు

ఇక పిన్ను సంగతి. హెడ్‌ఫోను చివర ఉండే పిన్ను టెలిఫోన్ ఎక్స్చేంజి సొత్తు. 1870ల చివర, అంటే టెలిఫోను పుట్టిన కొద్ది ఏళ్ళకే, ఆపరేటర్లు ఒక లైనును మరొక లైనుకు కలపడానికి పుట్టిన పావు అంగుళం పిన్నుకు చిన్న మనవడే మనం వాడే 3.5 మిల్లీమీటర్ల పిన్ను. ట్రాన్సిస్టరు రేడియోకు ఒక చెవిలో పెట్టుకునే బుడిపె ఇచ్చేవారు, గుర్తుందా? దాని పిన్ను మీద నల్లటి గీత ఒకటే ఉండేది. అంటే మోనో. రెండు గీతలుంటే స్టీరియో. కొన ఎడమ చెవికి, నడిమి భాగం కుడి చెవికి, మొదలు రెండింటికీ ఉమ్మడి తీగ. మూడు గీతలుంటే అందులో మైకు కూడా ఉన్నట్టు. సెల్‌ఫోన్ల హెడ్‌సెట్లు చాలావరకు ఈ రకానివే.

1979లో జపాన్‌లో సోనీ వారు 'వాక్‌మాన్' తెచ్చాక, జేబులో స్టీరియో అన్నది ప్రపంచమంతా పాకింది. మా అబ్బాయి 1994లో కాలేజీలో చేరినప్పుడు అటువంటి చిన్న స్టీరియో టేప్ రికార్డరు ఒకటి కొనిచ్చాను. ఒకనాడు నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కొత్త సినిమా క్యాసెట్టు వేశాను. వయొలిన్లు, తబలా, ప్రతిధ్వని అన్నీ వినిపిస్తున్నాయి కాని గాయకుడి గొంతు లేదు! తీసి, పాత పాటల క్యాసెట్టు వేస్తే అసలేమీ లేదు, నిశ్శబ్దం. రెండు క్యాసెట్లూ పట్టుకుని దుకాణానికి పోయి, "పాటగాణ్ణి మింగేసిన క్యాసెట్లు అమ్ముతారా?" అని నిలదీశాను. ఆ కుర్రవాడు ఏమీ అనకుండా పిన్నును 'టక్'మనేలా లోపలికి నొక్కాడు. గాయకుడు తిరిగి వచ్చాడు. నేను తలవంచుకుని ఇంటికి వచ్చాను.

దీనికి కారణం నాకు ముప్ఫై ఏళ్ళ తరువాత తెలిసింది. పిన్ను పూర్తిగా దిగక ఉమ్మడి తీగ తాకకపోతే, ఎడమ శబ్దం నుంచి కుడి శబ్దాన్ని తీసివేయగా మిగిలినదే వినిపిస్తుంది. గాయకుడి గొంతును రెండు బాటల్లోనూ సమానంగా పెడతారు. పది లోంచి పది తీసేస్తే సున్న. కాబట్టి గొంతు పోతుంది. మోనో పాటలో అయితే రెండు బాటలూ పూర్తిగా సమానమే, కాబట్టి అంతా సున్న! ట్రెజరీలో లెక్క సరిచూసినట్టే ఉంది కదా. ఈ కూడిక, తీసివేతల లెక్కతోనే 1961లో అమెరికాలో స్టీరియో ఎఫ్.ఎం. రేడియో ప్రారంభించారు. కూడిక (ఎడమ+కుడి) ఒకటి, తేడా (ఎడమ–కుడి) ఒకటి పంపుతారు. మోనో రేడియో ఉన్నవాడు కూడిక ఒక్కటే విని తృప్తి పడతాడు, స్టీరియో ఉన్నవాడు రెండింటి నుంచి ఎడమ, కుడి విడదీసుకుంటాడు. పాత రేడియో ఉన్నవాడికి అన్యాయం జరగకుండా కొత్తది తేవడం ఎంత మంచి పద్ధతో, పెన్షనర్లమైన మనకు వేరే చెప్పనక్కరలేదు.

కంప్యూటరుకు గొంతు వచ్చిన వైనం

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుకు ఒక చిన్న స్పీకరు ఉండేది. 'బీప్' అనడమే దాని సంగీతం. 1989లో సింగపూరుకు చెందిన క్రియేటివ్ కంపెనీ 'సౌండ్ బ్లాస్టర్' కార్డు తెచ్చింది. అది రికార్డు చేసిన శబ్దాన్ని మోనోలోనే పలికేది. 1991లో వచ్చిన 'సౌండ్ బ్లాస్టర్ ప్రో'తో స్టీరియో వచ్చింది. తరువాత ఇంటెల్ వారి ప్రమాణాలతో, మొదట ఏ.సి.97, ఆపై 2004లో హెచ్.డి. ఆడియో, శబ్దం పలికే చిప్పు కంప్యూటరు బోర్డులోనే కలిసిపోయింది. విడి కార్డు కొనే పని పోయింది. అయితే పాత ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి స్థలం, ఖర్చు కలిసివస్తాయని ఒకే స్పీకరు పెట్టారు. అటువంటి దాని స్పీకరులో ఎంత వెతికినా స్టీరియో దొరకదు. హెడ్‌ఫోను పెట్టుకుంటే మాత్రం దొరుకుతుంది.

దర్యాప్తు

ఇక మా ఇంటి కథ. శ్రావణమాసంలో ఒక సాయంత్రం విద్యుత్ శాఖలో చేసి రిటైరయిన మా వీధి మిత్రుడు వచ్చారు. నా హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక కొత్త పాట విని, "ఏమండీ, మీ ల్యాప్‌టాప్ మోనో అయిపోయిందే! ఈ పాటలో వేణువు ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి పోవాలి. మీ దాంట్లో నడి నెత్తిమీదే కూర్చుంది" అన్నారు. ఆయనకు చెవులు బాగా పనిచేస్తాయి. నాకు చిన్నతనం వేసింది. మా అబ్బాయి ఇచ్చిన దాంట్లో లోపమా? అబ్బాయిని అడగకుండా నేనే సరిచేసి చూపించాలని పట్టుదల వచ్చింది. ఆఫీసులో ఫైలు తప్పిపోతే ఎలా వెతుకుతామో అలా, టేబులు టేబులూ తిరిగాను. సభ్యులకు పనికి వస్తుందని ఆ క్రమం ఇక్కడ ఇస్తున్నాను.

1. మొదట హెడ్‌ఫోన్లను వేరే యంత్రానికి తగిలించి చూడాలి. మిత్రుని సెల్‌ఫోనులో పెడితే వేణువు చక్కగా అటూ ఇటూ నడిచింది. కాబట్టి హెడ్‌ఫోన్లు నిర్దోషులు.

2. పిన్ను మెత్తటి పొడి గుడ్డతో తుడిచి పూర్తిగా నొక్కాలి. గీతలు లెక్కపెట్టాలి. ఒకే గీత ఉన్న పిన్ను పెడితే కుడి చెవి శబ్దం రాదు. మూడు గీతల పిన్ను కొన్ని పాత సాకెట్లలో సరిగా తాకదు. పాత ల్యాప్‌టాప్‌కు రెండు రంధ్రాలుంటాయి, మైకు బొమ్మ ఉన్నదాన్లో పెట్టకూడదు.

3. బ్లూటూత్ హెడ్‌సెట్ అయితే కంప్యూటరులో ఒకే హెడ్‌సెట్ రెండు పేర్లతో కనబడవచ్చు. 'హ్యాండ్స్‌ఫ్రీ' అన్నది ఫోను సంభాషణకు, అది మోనో. 'స్టీరియో' అన్నది పాటలకు. రెండోది ఎంచుకోవాలి.

4. సౌండ్ సెట్టింగులలో ఎడమ, కుడి 'బ్యాలెన్స్' సమానంగా ఉన్నదా చూడాలి. అక్కడే 'టెస్ట్' మీట నొక్కితే ఎడమకొకసారి, కుడికొకసారి గంట మోగుతుంది. మాకు గంట రెండుసార్లూ రెండు చెవుల్లోనూ మోగింది. దొంగ లోపలే ఉన్నాడని తెలిసింది.

5. చివరగా 'మోనో ఆడియో' అనే మీట. విండోస్ 10లో సెట్టింగ్స్, ఈజ్ ఆఫ్ యాక్సెస్, ఆడియో అన్న చోట. విండోస్ 11లో యాక్సెసిబిలిటీ, ఆడియో అన్న చోట ఉంటుంది.

ఇవేవీ కాకపోతే సౌండు డ్రైవరు అనే ప్రోగ్రామును మళ్ళీ వేయించాలి. అది తెలిసినవారి చేత చేయించుకోవడం మంచిది. మాకు అంతదూరం అవసరం రాలేదు. అయిదో టేబులు దగ్గరే ఫైలు దొరికింది. మోనో మీట 'ఆన్'లో ఉంది. ఆపాను. వేణువు నడిచింది! మిత్రుడు నా వీపు తట్టారు. నాకు మాత్రం ఎడమవైపు వచ్చినప్పుడు వేణువు కాస్త పలచగా అనిపించింది. రికార్డింగే అంత కాబోలు అనుకుని ఊరుకున్నాను.

'అమ్మ' సంచి

ఆ రాత్రి అలవాటు ప్రకారం 'అమ్మ' సంచి తెరిచాను. అందులో ఉన్నది ఒకే ఒక్క పాట. 1983లో డి.ఏ. బకాయిలు వచ్చినప్పుడు ఒంటి స్పీకరు టేప్ రికార్డరు కొన్నాను. ఆ ఏడు వరలక్ష్మీవ్రతం నాడు మా ఆవిడ పాడిన మంగళహారతిని అందులో పట్టాను. అప్పుడు ఏడేళ్ళవాడైన మా అబ్బాయి మధ్యలో "అమ్మా, అయిపోయిందా? ప్రసాదం పెట్టవా?" అనడం కూడా అందులో ఉంది. ఆరేళ్ళుగా ఆమె గొంతు నాకు దొరికేది అక్కడ ఒక్కచోటే.

పాట మీద నొక్కాను. ఏమీ వినబడలేదు. శబ్దం పూర్తిగా పెంచితే నూతిలోంచి వచ్చినట్టు ఏదో లీలగా వచ్చింది. నా చేతులు వణికాయి. సెట్టింగులు కెలికి ఆ పాటను పాడుచేశానా? రాత్రి పదిన్నరకు అబ్బాయికి ఫోను చేశాను.

విషయం విని వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాన్నగారూ, పాటకేమీ కాలేదు. ఆ మోనో మీట నేనే పెట్టి వచ్చాను" అన్నాడు.

సంగతి ఇదీ. వాడు ఆ క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు టేప్ రికార్డరు నుంచి ఒకే గీత పిన్ను ఉన్న తీగ వాడాడు. అందువల్ల పాట ఎడమ బాటలో మాత్రమే పడింది, కుడి బాట ఖాళీ. ఆ తరువాత క్యాసెట్టు బూజుపట్టి తెగిపోయింది. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు ఇంకొకటి గమనించాడట. నేను ఎప్పుడూ ఫోను కుడి చెవికే పెట్టుకుంటున్నాను. ఎడమవైపు కూర్చున్నవాళ్ళు మాట్లాడితే "ఆఁ?" అంటున్నాను. నాతో అంటే నొచ్చుకుంటానని ఏమీ అనకుండా, మోనో మీట వేసి వెళ్ళాడు. మోనోలో రెండు బాటలూ కలిసి రెండు చెవులకూ సమానంగా వస్తాయి కనుక, అమ్మ పాట నాకు బాగున్న చెవిలో కూడా వినబడుతుంది.

నేను లోపమని పట్టుకుని సరిచేసినది వాడి జాగ్రత్తను. నెలల తరబడి నా ఎడమ చెవి సంగతి నాకు తెలియకపోలేదు, ఒప్పుకోలేదు, అంతే. ఫోను చేతిలో ఉండగానే మోనో మీట మళ్ళీ వేశాను. హారతి మొదలయింది. అవతల బెంగుళూరులో వాడు కూడా విన్నాడు. "అమ్మా, అయిపోయిందా?" అన్న చోటు రాగానే ఇద్దరం నవ్వాం. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు, ఆ మాట వేరే రాయనక్కరలేదు.

చివరి మనవి

మర్నాడే చెవుల డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఎడమ చెవి వినికిడి వయస్సుతోపాటు తగ్గిందని, అందుకు యంత్రం పెట్టుకోవచ్చని చెప్పారు. పెట్టుకున్నాను. సభ్యులు దయచేసి గమనించండి. ఒక చెవి నెమ్మదిగా మందగిస్తే సిగ్గుపడకుండా పరీక్ష చేయించుకోండి. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే మాత్రం గుబిలి అనుకుని వారాలు ఆగవద్దు, అదే రోజో మర్నాడో డాక్టరుకు చూపించాలి, ఆలస్యమైతే తిరిగి రాకపోవచ్చు.

ఒక చెవితో వినేవారు ఈ మోనో మీటను తప్పక తెలుసుకోవాలి. స్టీరియోలో సగం శబ్దం అవతలి చెవిదే కనుక, వారికి ఆ సగం పోతుంది. కంప్యూటరులోనే కాదు, సెల్‌ఫోనులో కూడా యాక్సెసిబిలిటీ అన్న చోట ఈ సదుపాయం ఉంటుంది. ఇంట్లో పెద్దలకు హెడ్‌ఫోన్లు ఇచ్చేటప్పుడు పిల్లలు ఒక్క నిమిషం అది చూసి ఇస్తే, వారికి సగం పాట కాదు, మొత్తం పాట ఇచ్చినవారవుతారు. ఇంకొక మాట. మీ ఇళ్ళలో పాత క్యాసెట్లు ఉంటే, బూజు పట్టకముందే కంప్యూటరులోకి ఎక్కించి, రెండు చెవుల్లోనూ వస్తున్నదీ లేనిదీ విని చూసుకోండి.

బ్లమ్‌లీన్ మహాశయుడు ఒక గొంతును రెండు బాటలు చేసి లోకానికి మేలు చేశాడు. అది గొప్ప పని. కాని 1983లో మా ఇంటి వసారాలో మా ఆవిడ పాడినది ఒకే మైకు ముందు. ఆమె పాట ఎడమదీ కాదు, కుడిదీ కాదు. ఒక తీగ చేసిన పొరపాటు వల్ల ఎడమకు పోయింది, కొడుకు వేసిన ఒక మీట వల్ల మళ్ళీ మధ్యకు వచ్చింది. ఇప్పుడు పాటల సంచికి మోనో మీట తీసేస్తున్నాను, వేణువు నడుస్తోంది. 'అమ్మ' సంచి తెరిచేముందు మాత్రం మళ్ళీ వేస్తున్నాను. మీట తిప్పే పని రోజూ రెండుసార్లు పడుతోంది. రిటైరయిన గుమాస్తాకు ఆ మాత్రం డ్యూటీ ఉండడం మంచిదే.

సెలవు.